మాటలు మానేసిన తోట

ఉద్దానంలో ఆడవాళ్లు జీడితోటలోకి మాట్లాడుకుంటూనే అడుగుపెడతారు. పిక్కలు ఏరుతున్నంతసేపూ ఆ మాట తెగదు. నిన్నటి కూర, వదినగారి దెప్పులు, టీవీ సీరియల్లో కోడలు పడుతున్న పాట్లు, ఏదైనా సరే, అరిచినట్టే చెప్పుకుంటారు. మా అక్క పెళ్లయిన కొత్తలో నేను మొదటిసారి వాళ్ల తోటకు వెళ్లినప్పుడు వీళ్లకు ఇంత కబుర్ల పిచ్చి ఏమిటనుకున్నాను.

మా అక్క అత్తవారిది పలాసకు తూర్పున, ఇసుకనేలల్లో, గాలి ఇటు తిరిగిన రోజున సముద్రం హోరు వినిపించే ఊరు. నేను కాశీబుగ్గలో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. జీడిపప్పు బట్టీల పొగ ముక్కులోంచి కాస్త వదిలించుకోవాలనిపించినప్పుడు బండి వేసుకుని అక్క ఇంటికి వెళ్లేవాణ్ని. అక్కడి కబుర్ల సంగతి మెల్లగా అర్థమైంది.

జీడిచెట్టు పైకి పెరగదు, పక్కలకు పాకుతుంది. కొమ్మలు నేలను తాకి మళ్లీ లేస్తాయి. వాటి కింద పట్టపగలు కూడా మసకగానే ఉంటుంది. వేసవిలో పండ్లు రాలి పులుస్తాయి. ఆ వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. కొండల మీద అడవి పలచబడ్డాక, తుఫానుకు పెద్ద చెట్లు కూలిపోయాక, అవి తోటల్లోని పొదల్లోనే ఉండిపోవడం మొదలుపెట్టాయి. ఎలుగుకు చూపు తక్కువ. తిండిలో పడితే చెవి కూడా అటే ఉంటుంది. దూరంనుంచి మనిషి గొంతు వినిపిస్తే దాని దారిన అది తప్పుకుంటుంది. చప్పుడు లేకుండా వచ్చిన మనిషి ఒక్కసారిగా ఎదుటపడితే మాత్రం బెదిరి మీద పడుతుంది. పడితే మొహాన్నే పట్టుకుంటుంది.

అందుకని తోటలో నోరు మూసుకుని తిరిగే మనిషిని అక్క అత్తగారు క్షమించేది కాదు. అక్క కొత్తకోడలిగా బిడియపడి మౌనంగా ఏరుతుంటే, "ఏటే, నోట్లో ముత్యాలున్నాయేటి, రాలిపోతాయనా? మాటాడు" అని కసిరేదట. ఏం మాట్లాడాలో తెలియక అక్క చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ఎక్కాలు అప్పచెప్పిందట. ఆవిడ అదే చాలంది.

కొన్నేళ్లకు బావ తమ్ముడికి పెళ్లయింది. చిన్నకోడలిది టెక్కలి అవతల వరిపొలాల ఊరు. ఎలుగును బొమ్మల్లో తప్ప చూసి ఎరగదు. కానీ అత్తగారు కోరుకున్న కోడలు ఎలా ఉండాలో అలా ఉండేది, ఒక్క క్షణం నోరు ఊరుకునేది కాదు. నన్ను అన్నయ్యా అని పిలిచేది. పేపర్లో నేను రాసేవన్నీ చదివేదో లేదో గానీ, "అన్నియ్యా, నీ పేపరు జంతికలకి బావుంటాది, నూనె బాగా పీలుత్తాది" అనేది. తోటలో అక్కా ఆవిడా ఏరుతుంటే ఆ గొంతులు రోడ్డు దాకా వినిపించేవి. ఒకసారి అక్క నాతో అంది, "దీని నోటికి ఎలుగేటి, ఎలుగు తాతైనా ఒడిసా పారిపోద్ది." చిన్నకోడలు మూతి తిప్పి, "నిన్ను సూసి పారిపోద్ది గానీ" అంది. ఇద్దరూ ఒకే కొమ్మ కింద వంగి, చెరో పక్క నుంచి పండు మెలిపెట్టి పిక్క తీసి, ఒకే బుట్టలో వేసేవారు.

అత్తగారు పోయాక అన్నదమ్ములు తోట పంచుకున్నారు. పంపకంలో పెద్ద తగాదా ఏమీ రాలేదు. తాడు పట్టుకుని కొలిచినప్పుడు గట్టు మీది పనసచెట్టు పెద్దవాడి వైపు వచ్చింది, అంతే. ఆ చెట్టుకు చిన్నప్పటినుంచి నీళ్లు పోసింది నేనని చిన్నవాడు అన్నాడు. చిన్నకోడలు మొగుడి పక్షాన ఒక మాట అంది. అక్క రెండన్నది. పనసచెట్టు దగ్గర మొదలైన గొడవ అత్తగారి ఆఖరి రోజుల దాకా వెళ్లింది. మంచం పట్టిన మనిషికి ఎవరు చేశారు, ఎవరు పుట్టింటికి పోయి కూర్చున్నారు అనేదాకా వచ్చింది. ఆ తర్వాత రెండిళ్లకూ మాటల్లేవు.

మాటలు లేకపోవడమంటే మా వైపు నోరు మూసుకోవడం కాదు. ఎదుటి మనిషితో మాట్లాడరు, అంతే. మధ్యన ఎండు కొబ్బరి మట్టలతో దడి కట్టారు. ఆ వేసవిలో ఇద్దరూ పూర్వం వెళ్లే వేళకే తోటకు వెళ్లేవారు. అక్క తన మేకను వెంట తీసుకెళ్లేది.

"ఓలే మేకా, ఎవుల సొమ్ము తిన్నా అరగాల గదే" అని దడి వైపు తిరిగి మేకకు చెప్పేది.

అవతలనుంచి చిన్నకోడలు కొమ్మ మీది కాకికి చెప్పేది. "కాకీ, ఏటే ఆ అరుపు? నువ్వు అరిత్తే పనసకాయలు నడిసి నీ ఇంటికొత్తాయేటి?"

అలా పొద్దెక్కేదాకా మేకకూ కాకికీ చెప్పుకున్న దెప్పులతో తోట మారుమోగేది. నేను వెళ్లిన ఒక రోజున ఆ దెప్పులు విని నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క నా మీద కోప్పడింది. ఆ వేసవంతా ఎలుగు ఆ తోటల జోలికి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ ఆలోచించలేదు.

ఆ దెప్పులు ఊరికి మాత్రం చెవిపోటయ్యాయి. ఒక ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన వాళ్లు దారిలో ఆగి విన్నారట. మగవాళ్లిద్దరికీ తలవంపులయింది. ఊరి పెద్దలు నలుగురు ఒక సాయంత్రం కొబ్బరి వర్తకుడి అరుగు మీద కూర్చుని రెండిళ్లవాళ్లనూ పిలిచారు. పనసచెట్టు విషయం వాళ్లు తేల్చలేకపోయారు. తేల్చగలిగింది ఒక్కటే. ఇకమీదట తోటలో ఇద్దరిలో ఎవరి గొంతూ వినిపించకూడదు. మేకతో చెప్పినా, కాకితో చెప్పినా, మళ్లీ వచ్చి పెద్దల ముందు నిలబడాల్సిందే. అక్క ఒప్పుకుంది. చిన్నకోడలూ తలూపింది. అందరికీ అది న్యాయంగానే తోచింది. ఆ నలుగురూ ఎలుగుల మధ్యే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లలో ఒకాయన వీపు మీద గోళ్లు దిగిన చారలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మరుసటి వేసవికి తోట నిశ్శబ్దమైంది. అక్క చేతికర్రతో కొమ్మల్ని కొడుతూ కదిలేది. చిన్నకోడలు ఫోనులో పాటలు పెట్టి నడుముకు దోపుకునేది. పాట వినిపించినంతసేపు దడికి ఇవతల అక్కకు ఆమె ఎక్కడుందో తెలిసేది. ఫోనులో పాడేవాళ్ల మీద పెద్దల తీర్పు లేదు కదా అని నవ్వేది మా బావ.

ఆ రోజు పాట లేదు. ముందు రాత్రి కరెంటు పోయి ఫోను చార్జింగు ఎక్కలేదు. చిన్నవాడు పిక్కల బస్తా ఆటోలో వేసుకుని తెల్లవారకముందే కాశీబుగ్గ వెళ్లిపోయాడు. పొద్దు ఇంకా పూర్తిగా ఎక్కకుండానే చిన్నకోడలు ఒక్కతే తోటలోకి వచ్చింది. రాలిన పిక్కలు ఎండకు ముందే ఏరుకోవాలి. అక్క అప్పటికే తన వైపు ఉంది. తర్వాత ఎన్నిసార్లో ఇదే నాకు చెప్పింది. అడగకుండానే చెప్పేది.

"ఆకులు సప్పుడైతే సిన్నదే అనుకున్నాను. పాట నేదేటి అని తోసింది. అడుగుదామనుకున్నాను. ఏటని అడుగుతాను సెప్పు. సంవత్సరం దాటిపోనాది మాటాడి. ఫోనెందుకు మోగట్నేదని అడిగితే, నీకెందుకని మొహాన కొట్టేత్తది గదా. కర్ర గట్టిగా కొట్టాను. నా కర్ర నాకు కాపలా, దానికెలాగ కాపలా అవుద్ది?"

అవతల వైపు, పనసచెట్టు దాటాక, ఒక పెద్ద జీడిచెట్టు కింద ఎలుగు పండ్లు తింటోంది. చిన్నకోడలు కొమ్మ పైకెత్తి వంగింది. అక్కకు మొదట వినిపించింది ఎలుగు అరుపు. మొరుగుడూ కాదు, మూలుగూ కాదు, గొంతు చించుకున్నట్టు ఉంటుందంది. దాని వెనకే చిన్నకోడలు "అక్కా" అని అరిచింది. ఒక్కసారే.

అక్క దడి తొక్కుకుంటూ వెళ్లింది. మనిషి మీద ఎలుగు ఉంది. పరిగెత్తకూడదని అక్కకు తెలుసు. మీదికి పోకూడదనీ తెలుసు. దడిలోంచి ఊడిన ఎండుమట్టను కర్రతో బాదుతూ, నోటికొచ్చింది అరుస్తూ నిలబడింది. ఏమని అరిచావని అడిగాను. ఆమె తల దించుకుంది. కిందటి వేసవంతా మేకకు చెప్పిన దెప్పులే నోట వచ్చాయట. పనసచెట్టు, అత్తగారి మంచం, పుట్టిల్లు, అన్నీ. ఎలుగు తల ఎత్తి, రెండు కాళ్ల మీద లేచి, గాలి పీల్చి, మళ్లీ నాలుగు కాళ్ల మీదికి దిగి పొదల్లోకి వెళ్లిపోయింది. అది కనిపించకుండా పోయేదాకా అక్క అరుపు ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

చిన్నకోడలు వెల్లకిలా పడి ఉంది. కింది దవడ ఉండాల్సిన చోట లేదు. ఎడమ చెంప వేలాడుతోంది. అంతకన్న నేను రాయను. రక్తం గొంతులోకి దిగి గురక వస్తోంది. అక్క ఆమెను పక్కకు తిప్పింది. గురక తగ్గింది. లేపి కూర్చోబెట్టి తల ముందుకు వంచింది. రక్తం నేలమీద పడింది, ఊపిరి ఆడింది. తన పైటచెంగు మడిచి దవడ కింద పట్టుకుంది. ఎలా తెలిసిందని తర్వాత నేను అడిగితే విసుక్కుంది. "ఎనక్కి పడితే గురకొచ్చింది. ముందుకొంగితే ఆగింది. అందులో తెలీడానికేటుంది?"

అరుపులకు జనం వచ్చారు. ఒకరు పసుపు తెచ్చి గాయంలో కుక్కబోయారు. ఒకరు చెంబుతో నీళ్లు నోట్లో పోయబోయారు. అక్క చెంబును చేత్తో కొట్టింది. మంచం తెచ్చి పడుకోబెట్టారు. పడుకోబెట్టగానే మళ్లీ గురక మొదలైంది. "కూకోబెట్టండి, సచ్చిపోతది" అని అక్క గొంతు పోయేలా అరిచింది. అప్పుడు బావ మోటారుసైకిలు తెచ్చాడు. తోటలోకి అంబులెన్సు రాదు, తారు రోడ్డు దాకా ఇసుక బాట. బావ నడిపాడు. మధ్యన చిన్నకోడలు, ఆమె నుదురు బావ వీపుకు ఆనించి. వెనక అక్క రెండు చేతులతో పట్టుకుని. ఇసుకలో చక్రం దిగిన చోటల్లా అటూ ఇటూ నలుగురు తోశారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు అరుగు మీద కూర్చున్న పెద్దలే. రోడ్డు మీదికి చేరేసరికి బావ చొక్కా వెనకంతా తడిసి ఎర్రగా అయింది.

పలాస ఆసుపత్రికి నేను వెళ్లేసరికి వాళ్లు శ్రీకాకుళం పంపే ప్రయత్నంలో ఉన్నారు. శ్రీకాకుళంలో చూసి విశాఖపట్నం పొమ్మన్నారు. దారి పొడవునా ఆమెను కూర్చోబెట్టే తీసుకెళ్లారు. విశాఖలో డాక్టరు ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, వెల్లకిలా పడుకోబెట్టి తెచ్చి ఉంటే దారిలోనే పోయేదని చెప్పాడు. అక్క విన్నదో లేదో తెలియదు. ఆమె చేతులు అప్పటికీ ఏదో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

అన్నదమ్ములు ఆసుపత్రి వరండాలో చెరో కిటికీ దగ్గర నిలబడ్డారు. చిన్నవాడు నా దగ్గరికి వచ్చి, అన్న వినేటట్టుగానే, "రక్తం ఎవులిచ్చారు?" అని అడిగాడు. బావ నా వైపు చూసి, "నేనిచ్చానని సెప్పు" అన్నాడు. చిన్నవాడు, "టీ తాగారో నేదో అడుగు" అన్నాడు. ఇద్దరికీ మధ్య నిలబడి నేను ఆ మాటలు అటూ ఇటూ మోశాను. కాసేపటికి చిన్నవాడే రెండు టీలు తెచ్చి ఒకటి బావ కిటికీ మీద పెట్టి వెళ్లాడు.

ఆ మర్నాడు మా పత్రిక జిల్లా పేజీలో ఎలుగుబంటి దాడిలో మహిళకు తీవ్రగాయాలు అని చిన్న వార్త వచ్చింది. రాసింది నేను కాదు, పక్క మండలం మిత్రుడు రాశాడు. అందులో తప్పేమీ లేదు. అలాంటి వార్తలు నేనూ రాశాను. తోటలో జీడిపిక్కలు ఏరుతుండగా అని మొదలవుతాయి, చికిత్స పొందుతున్నారు అని ముగుస్తాయి. అటవీశాఖ వాళ్లు ఊళ్లో సమావేశం పెట్టి కాగితాలు పంచారు. గుంపుగా వెళ్లండి, చప్పుడు చెయ్యండి, మీద పడితే బోర్లా పడుకుని మెడ మీద చేతులు కట్టుకోండి అని వాటిలో ఉంది. అన్నీ నిజాలే, అన్నీ ఊరికి తెలిసినవే. మాటల్లేని వాళ్లు గుంపుగా ఎలా వెళ్లాలో మాత్రం అందులో లేదు.

చిన్నకోడలు బతికింది. నెలలు పట్టింది. దవడకు లోహపు పట్టీ వేశారు, తొడ దగ్గరి చర్మం తీసి చెంపకు అతికారు. నాలుక సగానికి పైగా పోయింది. అది అతికేది కాదన్నారు. ఆమె నోటినుంచి ఇప్పుడు వచ్చేది శబ్దమే. అవసరం తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, మిగతావాళ్లకు కాదు. అంబలి తాగుతుంది, ఒక్కోసారి అది కూడా పక్కనుంచి కారిపోతుంది. పైట చెంగు కళ్ల కిందినుంచి చుట్టుకుని తిరుగుతుంది. ఒకసారి నన్ను చూసి ఏదో అంది. అన్నయ్యా అని పిలిచిందని నేను అనుకున్నాను. సరిగా వినలేదేమోనని మళ్లీ చెప్పింది. అర్థమైనట్టు తలూపాను. నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసింది.

పెద్దవాళ్ల మాటకు ఎదురుచెప్పిన నోరు గనకే అలా అయిందని ఊళ్లో ఎవరో అన్నారు. ఆ మాట అక్క చెవిన పడింది. నీళ్ల కుళాయి దగ్గర నిలబడి అక్కడున్న వాళ్లందరికీ వినిపించేటట్టు చెప్పింది. "మాటలు మానీసింది ఇద్దరం. ఎలుగు ఒకదాన్నే పట్టింది. ఏ నాయమది?"

మళ్లీ పూత వచ్చింది, కాయ వచ్చింది, పండ్లు రాలే వేళ వచ్చింది. చిన్నవాడి ఇంటికి ఆ తోట తప్ప వేరే ఆధారం లేదు. అతను ఏరగలడు గానీ, ఒక్కడి చేతుల మీద ఆ తోట గడవదు. చిన్నకోడలు గుమ్మం దాటడం లేదు. జీడిపండ్ల వాసన వస్తే తలుపు వేసుకుంటోందని అతను నాతో చెప్పుకున్నాడు. తోట అమ్మేసి ఇచ్ఛాపురం వైపు ఏదైనా పనికి పోదామా అని కూడా అన్నాడు. ఆ మాట అక్కకు నేను చెప్పాను.

అక్క మర్నాడు పొద్దున్నే వాళ్ల గుమ్మం ముందు నిలబడింది. లోపలికి వెళ్లలేదు. పెద్దల్ని అడగలేదు. నేను పక్కనే ఉన్నాను. బుట్ట నేలమీద పెట్టి, తలుపు వైపు చూస్తూ అంది:

"ఓలే, ఎంతసేపే ముస్తాబు? పెళ్లికెల్తన్నామేటి? ఎండెక్కిపోతంది. నువ్వు మాటాడక్కర్నేదు. నానొక్కర్తినే మాటాడతాను. నువ్వు ఇంటే సాలు. నా ఎనకాలే ఉండు, అంతే."

చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. అక్క కదలలేదు. అదే మాట మళ్లీ మళ్లీ, కొంచెం కొంచెం మార్చి, కొంచెం కొంచెం దెప్పుతూ చెప్పింది. ఆఖరికి చిన్నకోడలు వచ్చింది. చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర ముక్క. అది తన ఆలోచనో, మొగుడి ఆలోచనో తెలియదు.

ఆ రోజు నేను వాళ్ల వెనక తోటలోకి వెళ్లాను. మధ్య దడి అప్పటికే సగం పడిపోయి ఉంది, ఎవరూ ఎత్తి కట్టలేదు. అక్క ముందు, చిన్నకోడలు వెనక. ప్రతి చెట్టు దగ్గరా అక్క ఆగి, గట్టిగా ఏదో ఒకటి చెప్పి, కొమ్మ ఎత్తేది. వెనకనుంచి డబ్బా ఒక దెబ్బ. అక్క మళ్లీ ఏదో అనేది. మళ్లీ దెబ్బ. పనసచెట్టు దాటి ఆ పెద్ద జీడిచెట్టు దగ్గరికి వచ్చేసరికి చిన్నకోడలు ఆగిపోయింది. ఆమె ఊపిరి చెంగు కింద బుసలా వినిపించింది. అక్క ఆ చెట్టును వదిలేసి పక్క చెట్టుకు వెళ్లింది. రాలిన పిక్కలు ఆ చెట్టు కింద అలాగే ఉండిపోయాయి. ఇప్పటికీ దాని కింద ఎవరూ ఏరరు.

అక్కకు అప్పటికే ఆయాసం. వయసు మీద పడింది. వెనకటిలా ఇద్దరి మాటలు పంచుకుని నడిచే తోట కాదు అది. అన్ని మాటలూ ఆమే ఆడాలి. కూరలు అయిపోయాయి, సీరియళ్లు అయిపోయాయి, చుట్టాలు అయిపోయారు. ఆ రోజు తూర్పు ఎండ కొమ్మల సందుల్లోంచి నేలమీదికి దిగుతున్నప్పుడు ఆమెకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒక కొమ్మ పట్టుకుని నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి పీల్చుకుంది.

తోట నిశ్శబ్దమైంది. ఆకు రాలినా వినిపించేంత నిశ్శబ్దం.

చిన్నకోడలు డబ్బా కొట్టింది. అక్క తల తిప్పలేదు. మళ్లీ కొట్టింది. తర్వాత ఆగకుండా, గబగబా, కోపంగా కొట్టడం మొదలుపెట్టింది.

"ఉండవే, ఉండు" అంది అక్క. "నా గుండె నాకు దొరకనీ."

డబ్బా ఆగలేదు. అక్క గొంతు సవరించుకుని, వేరే ఏమీ తోచక, రెండో ఎక్కం మొదలుపెట్టింది.